గోడవైపు తిరిగిన పలక

“కొనేవాళ్ళు వస్తున్నారట!”

ఫోను పెట్టేసి రేడియో పెట్టిన కేకకి వంటింట్లో గరిటెలన్నీ గిన్నెల అంచుల మీద ఆగిపోయాయి.

రేడియో అంటే గోడకి తగిలించేది కాదు. వడ్డన చేసే మనిషి. యాభై దాటినవాడు, ఎడమ చెవి కాస్త మందం. ఒక స్టేషను విని ఇంకో స్టేషను ప్రసారం చేస్తాడు గనుక హోటల్లో అందరూ కలిసి ఆ పేరు పెట్టారు. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో.

“ఏం కొనేవాళ్ళయ్యా? వంకాయలా, వంటపాత్రలా?” అంది వంటక్క, చేతిలోని గుమ్మడి ముక్క చెక్కు తీయడం ఆపకుండా.

“హోటలే అయ్యుంటుంది అక్కా. వీధి చివర మేడవాళ్ళు దీని మీద కన్నేశారని రెండు నెలలుగా అనుకుంటూనే ఉన్నాంగా. ‘కొ...నేవాళ్ళం వ...స్తున్నాం’ అన్నాడు. పదకొండింటికట. మూడుసార్లు చెప్పించుకుంటే ఆ మాత్రం అర్థమైంది. పొద్దున్నే పుచ్చుకున్నట్టున్నాడు, నాలిక నాలుగు మడతలు పడుతోంది!”

అని ఊరుకోకుండా మూతి ఓ పక్కకి వంచి, కళ్ళు మూతలు పడేసి, ఆ ఫోను మనిషిలా తూలి చూపించాడు. కూరలు తరిగే ఆవిడ పకపకా నవ్వింది. గిన్నెలు తోమే మనిషి నురగ చేతులతోనే చప్పట్లు కొట్టాడు. వారం రోజులుగా నవ్వన్నది ఎరగని వంటక్క కూడా నవ్వేసింది. మంచి నవ్వే. కానీ కొన్ని నవ్వులు అప్పటికప్పుడు అరగవు, ఆనక కడుపులో తిప్పుతాయి. ఇదీ అలాంటిదే.

కబురు అందుకున్న యజమాని మాత్రం ఇస్త్రీ చొక్కా కోసం పరిగెత్తాడు. ఆయన వంటక్కకి స్వయానా మేనమామ. వాళ్ళమ్మకి ఆఖరి తమ్ముడు. కుర్చీ కాలు విరిగితే సర్దుకుందాం, కూర తక్కువైతే సర్దుకుందాం, మనిషి తక్కువైనా సర్దుకుందాం అంటాడు గనుక సర్దుబాటు మావయ్య అని పేరు. ఆయన ఈ జన్మలో సర్దనిది తన బట్టల బీరువా ఒక్కటే. అందుకే చొక్కా దొరకడానికి అరగంట పట్టింది.

ఇంతకీ వంటక్క వారంగా ఎందుకు నవ్వలేదో, కొత్తగా చేరినవాళ్ళ కోసమూ, చదివి మరిచిన పాతవాళ్ళ కోసమూ నాలుగు ముక్కల్లో.

ఈ హోటల్లో వంటకాల జాబితా లేదు. పలకలున్నాయి. గుమ్మం లోపలి గోడకి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో చెక్క పలక. ‘వాగు పక్క తోట – వంకాయ’. ‘రాళ్ళ చేను – గుమ్మడి’. ఏ తోట కాయ ఆ రోజు గిన్నెలో ఉడుకుతుందో ఆ తోట పలక ఆ రోజు గోడ మీద ఉంటుంది. ఎండల్లో దోస, సొర. వానల్లో బీర, కాకర. చలిలో చిక్కుడు, గుమ్మడి. కాలం కాని కూర ఎవరైనా అడిగితే “ఏం చేస్తామండీ, కాలం కలిసి రాలేదు” అని రేడియో చేతులు తిప్పేస్తాడు. అన్ని పలకలకీ పైన, అన్నిటికంటే వెడల్పుది ఇంకొకటి ఉంది. దాని మీద ‘వంట – వంటక్క’ అని మాత్రమే ఉంటుంది.

పలక పలకదు. కానీ తిప్పి పెడితే మాత్రం దాని మాట వీధంతా వినిపిస్తుంది. ఎవరి కాయో తెచ్చి తన తోట కాయ అని బుట్ట పంపినవాడి పలకని గోడవైపు తిప్పేస్తారు. తీసేయరు. తిప్పుతారు. వచ్చిన ప్రతివాడూ ఆ వీపు చూసి “ఇదెవరిది?” అని అడుగుతాడు. పద్నాలుగేళ్ళలో అలా రెండుసార్లు తిప్పారు. మూడోసారి, గత మంగళవారం, వంటక్క తన చేత్తో తిప్పింది. ఆ పలక మీద ఉన్నది, ‘గట్టు మీద తోట – చిక్కుడు’.

ఆ తోట చిక్కుళ్ల పెదనాన్నది. రక్తసంబంధం లేదు. అంతకంటే చిక్కని సంబంధమే ఉంది. పద్నాలుగేళ్ళ కిందట, “ఆడపిల్ల, పైగా హోటలు, పైగా మా కూరలతోనా” అని తోటలవాళ్ళంతా తలుపులు వేసుకున్నప్పుడు, మొదటి బుట్ట నెత్తిన పెట్టుకుని వెనక గుమ్మానికి వచ్చినవాడు ఆయన. కుడి చేతికి బొటనవేలు లేదు, గడ్డి కోసే యంత్రం తినేసింది. ఎడమ బొటనవేలి గోటితోనే కాయ తుంచుతాడు. ఆయన కోసిన ప్రతి కాయ తొడిమె మీదా వాలుగా, నెలవంకలాంటి గోటి నొక్కు ఉంటుంది. వేయి కాయల్లో కలిపేసినా వంటక్క ఏరగలదు.

వెనక గుమ్మం దగ్గర ఆచారం కూడా ఆయన పెట్టిందే. ఏ కూరైనా సరే, ఆ ఏటి మొదటి బుట్ట రైతు తానే తేవాలి. ఓ పచ్చికాయ రైతు కొరకాలి, ఓ పచ్చికాయ వంటక్క కొరకాలి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాకే బుట్ట గుమ్మం దాటాలి. “కంటికి కాయ కనపడుతుందే తల్లీ, అంతే. దాని బతుకు తెలియాలంటే కొరకాలి” అనేవాడు.

ఈ ఏడు చిక్కుళ్ళు ఆలస్యమయ్యాయి. “పెదనాన్న తోటకి పురుగు పట్టిందటే, సర్దుకుందాం” అన్నాడు మావయ్య. సర్దుకుంది. ఆనక గత మంగళవారం ఆ తోట పేరుతో బుట్ట వచ్చింది, అదీ బండి మీద. తోటలవాళ్ళు రోడ్డు మలుపులో రాతి మీద బుట్టలు పెట్టి పోతే ఎత్తుకొచ్చే బండి అది. ఎవరు పెట్టారో బండివాడు చూడడు. మొదటి బుట్ట, మనిషి రాలేదు. తొడిమెలు చూస్తే నెలవంక లేదు. అన్నీ కత్తెరతో అడ్డంగా తెగి ఉన్నాయి, సంతలో కాయల్లాగా. లేతా ముదురూ కలగలిసి ఉన్నాయి. పురుగు పట్టిన తోట నుంచి బుట్ట నిండా కాయలెలా వస్తాయి?

వంటక్కకి ఒళ్ళు మండిపోయింది. పరాయివాడు మోసం చేస్తే కోపం వస్తుంది, అయినవాడు చేస్తే ఏడుపొస్తుంది. ఆ ఏడుపునే కోపం అనుకుంది. ఒక్క కాయ కూడా కొరకలేదు. బుట్టలో చీటీ పెట్టి, వచ్చిన బండి మీదే వెనక్కి పంపేసింది. ‘మీ చేతి కాయలు కానివి మా గిన్నెలోకి రావు.’ వచ్చి పలక తిప్పింది.

ఇదీ జరిగిన సంగతి. మళ్ళీ మంగళవారం వచ్చింది. పదకొండు కావస్తోంది.

సర్దుబాటు మావయ్య ఇస్త్రీ చొక్కాలో, పెదవులకి అంటించిన చిరునవ్వుతో గుమ్మంలో నిలబడ్డాడు. బల్లల మీద ఉతికిన దుప్పట్లు పరిపించాడు. పెందలాడే భోజనానికి వచ్చిన ఐదారుగురిని కిటికీ పక్కకి సర్దాడు, హోటలు కళకళలాడుతున్నట్టు కనపడాలని. తీరా గుమ్మం ముందు ఆగింది కారు కాదు, కిరాయి బండి. దాంట్లోంచి ముందు ఒక బుట్ట దిగింది. బుట్ట వెనక పెద్దమ్మ, అంటే చిక్కుళ్ల పెదనాన్న భార్య. ఆమె, బండివాడూ చెరో చంక కింద చెయ్యి వేసి మూడో మనిషిని దింపుతున్నారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే మావయ్య చెయ్యి భుజం మీదికి పోయింది. లేని దుమ్ము దులుపుకుంది. చిరునవ్వు చొక్కా మడతల్లోకి జారిపోయింది.

“అమ్మాయ్, నువ్వు లోపల ఉండు. నేను మాట్లాడతా” అన్నాడు.

అమ్మాయి అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చేసింది. కొంగుకి తుడుచుకుంటున్న చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

చిక్కుళ్ల పెదనాన్న ఎడమ చెయ్యి ఎవరో అరువిచ్చినట్టు ఒంటి పక్కన వేలాడుతోంది. ఎడమ కాలు నేల మీద గీత గీస్తూ వస్తోంది. మూతి ఒక పక్కకి వంగిపోయి, ఆ కన్ను సగం వాలి ఉంది. గంట కిందట రేడియో వంటింట్లో సరదాకి పెట్టి చూపించిన వంకర, అచ్చం అదే. రేడియో తనది సరిచేసుకున్నాడు. ఈయన సరిచేసుకోలేడు.

నీళ్ళ జగ్గుతో వచ్చిన రేడియో అక్కడే ఆగాడు. ఎవరూ చూడకుండా గోడ వైపు తిరిగిపోయాడు, ఆ పలక లాగే.

“పెదనాన్నా...” అంది వంటక్క.

పెద్దమ్మ ఆయన్ని గుమ్మం పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. వాలిన చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టింది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. అప్పుడు నిటారుగా నిలబడి నడుం దగ్గరి సంచిలోంచి ఒక చీటీ తీసింది. మడతలు నలిగిపోయి ఉన్నాయి.

“నాకు చదువు రాదు. బండివాడి చేత చదివించుకున్నా. మళ్ళీ ఒకసారి నువ్వే చదివి పెట్టమ్మా, వాడు తప్పు చదివాడేమో.”

“పెద్దమ్మా, నాకు తెలీదు...”

“చదువు.”

వంటక్క చదవలేదు. అక్షరాలు తనవే. ముత్యాల్లా ఉన్నాయి.

“‘మీ చేతి కాయలు’ అన్నావట” అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “ఏ చేతివి తెమ్మంటావు? నీకు తెలిసిన చెయ్యి చచ్చిపోయి రెండు నెలలైంది. పాదుల కింద పడిపోయాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి నోట్లో మట్టి. మిగిలింది కుడి చెయ్యి. దానికి బొటనవేలు లేదు. కాయ తుంచడానికి పట్టు చాలదు. కత్తెర ఒక కాడని అరచేతికి గుడ్డపేలికతో కట్టాను. రెండో కాడని ఆ నాలుగు వేళ్ళతో మూస్తాడు. ముక్కాలి పీట మీద కూర్చుంటే, నేను పీట జరుపుతూ ఉంటా. ఒక్క బుట్టకి మూడు పొద్దులు పట్టింది. లేతా ముదురూ కలిసిందంటే, ఎడమ కన్ను సరిగ్గా ఆనడం లేదు మరి. నేను కోస్తానంటే కొట్టినంత పని చేశాడు. ‘నా పలక మీద నా చేతి కాయే వెళ్ళాలి’ అని.”

కిటికీ పక్కన తింటున్నవాళ్ళు తినడం మానేశారు. ఎవరో చెంచాని చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టారు.

వంటక్క నెమ్మదిగా ఆయన ముందు నేల మీద కూలబడింది. కుడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. అరచేతికి అడ్డంగా గుడ్డ కట్టు ఒరుసుకున్న ఎర్రటి చార, దాని మధ్యలో పచ్చి పుండు. తొడిమె మీద నెలవంక లేదని తిప్పి పంపిన కాయలకి అసలు గుర్తు ఇక్కడుంది. ఆమె చూసింది తొడిమె. చూడాల్సింది చెయ్యి.

“నేను పప్పులో కాలేశాను పెదనాన్నా” అందామనుకుంది. పప్పు అనే మాటే నోరు దాటలేదు. ఇది కాలు వేసి తీసుకునే పప్పు కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే విరుగుడు చెప్పడానికి వంటింట్లో నలుగురున్నారు. తప్పు ఎక్కువైతే చెప్పేవాళ్ళెవరు?

పెదనాన్న వంకర మూతితో ఏదో అన్నాడు. వంటక్కకి అర్థం కాలేదు. పెద్దమ్మ వైపు చూసింది.

“పలక తిప్పమని అడగడానికి రాలేదంటున్నాడు” అంది పెద్దమ్మ. “కొరికావా, అని అడుగుతున్నాడు.”

“ఏమిటీ?”

“మొన్నటి బుట్టలో కాయ. కొరికి చూసే వెనక్కి పంపావా, అని. కొరికి బాగోలేదని పంపితే ఏమీ అనడట. వారం నుంచీ అదే మాట. అన్నం పెడితే అదే, పక్క వేస్తే అదే. ‘కొరికే ఉంటుందిలే, కొరక్కుండా పంపే మనిషి కాదు’ అని తనకి తానే చెప్పుకుంటున్నాడు.”

అబద్ధం ఆడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ‘కొరికాను పెదనాన్నా, ముదిరిపోయింది’ అంటే చాలు. ఆయనకి తోట మీద కోపం వస్తుంది, కాలం మీద వస్తుంది, ఈమె మీద రాదు. పద్నాలుగేళ్ళుగా సర్దుబాటు మావయ్య నీడన బతికినదానికి ఆ మాత్రం సర్దుబాటు చేతకాకపోదు.

“లేదు పెదనాన్నా” అంది వంటక్క. “కొరకలేదు.”

ఆయన కళ్ళు, ఒకటి నిండుగా, ఒకటి సగం, ఆమె మొహం మీదే ఉన్నాయి. కుడి చెయ్యి ఆమె చేతుల్లోంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. బుట్టలోకి పోనిచ్చి, నాలుగు వేళ్ళ మధ్య ఒక కాయ ఇరికించుకుని, పైకి తెచ్చేలోపు రెండుసార్లు జారవిడిచి, మూడోసారి ఆమెకి అందించాడు. మరొకటి తన నోటికి. ఒక పక్క పళ్ళతో కొరికాడు.

ఆమె కూడా కొరికింది.

చిక్కుడుకాయ పచ్చిది కొరికితే ముందు ఆకుపసరు, తర్వాత చిరుచేదు, ఆ చేదు వెనక ఎక్కడో దాక్కున్న తీపి. పద్నాలుగేళ్ళుగా తెలిసిన రుచే. గట్టు మీది ఎర్రమట్టిది తప్ప ఇంకే తోటదీ కాని రుచి. కళ్ళు మూసుకుని కొరికినా చెప్పగలిగేది. వారం కిందట ఒక్కసారి, ఒకే ఒక్కసారి పంటి కింద పెట్టుంటే! నములుతూనే ఉంది.

“బావుంది పెదనాన్నా. ఎప్పట్లాగే ఉంది.”

ఆయన తల ఊపాడు. పని మీద వచ్చినవాడు పని అయిపోయాక ఊపినట్టు.

“ఇంత జరిగితే నాకొక్క కబురు పెట్టొద్దా పెద్దమ్మా?” అంది వంటక్క. “పరిగెత్తుకొచ్చేదాన్ని కదా. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే వదిలేసి.”

పెద్దమ్మ ఆమెని వింతగా చూసింది. ఎగతాళి చేస్తోందేమో అన్నట్టు చూసింది.

“కబురు పెట్టకపోవడమేమిటి? పడిపోయిన రోజే ఇక్కడికి ఫోన్ చేయించా. మీ మావయ్య ఆసుపత్రికి వచ్చాడుగా. పళ్ళు కూడా తెచ్చాడు. ‘అమ్మాయికి ఊపిరాడటం లేదు, తీరిక చూసుకుని వస్తుంది’ అన్నాడు. తీరిక అవుతుందేమో అని ఈయన రోజూ తలుపు వైపే చూసేవాడు.”



వంటక్క లేచి నిలబడింది. మావయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. నెత్తి మీద పలకల వరస.

“పురుగు పట్టిందన్నావు” అంది.

“అమ్మాయ్...”

“తోటకి పురుగు పట్టిందన్నావు మావయ్యా. పురుగు పట్టిన తోట నుంచి నిండు బుట్ట ఎలా వచ్చిందా అని నేను లెక్క కట్టుకున్నా. నేను పలక తిప్పుతుంటే ఆ స్టూలు కదలకుండా పట్టుకున్నది నువ్వే.”

“నీ సంగతి నాకు తెలీదూ? మీ అమ్మ మంచాన పడ్డప్పుడు నలభై రోజులు పొయ్యి వెలిగించలేదు నువ్వు. మళ్ళీ తలుపు తెరిచేసరికి తినేవాళ్ళు సగమయ్యారు. ఈసారి మూతపడితే మళ్ళీ తెరుచుకోదే. చిక్కుళ్ళ రోజులు గడిచిపోతే మెల్లగా చెబుదాం, సర్దుకుంటుందిలే అనుకున్నా. పలక దాకా వెళ్తుందని...” ఆయన ఇస్త్రీ చొక్కా బొత్తాం తడుముకున్నాడు. “నువ్వు తిప్పిన రోజు చెబుదామనుకున్నా. అప్పటికే ఆలస్యమైంది. ఆలస్యమయ్యాక చెప్పే నిజానికి అబద్ధం కంటే ఎక్కువ ధైర్యం కావాలి. నా దగ్గర అంత లేదు.”

కోపం తెచ్చుకుందామని చూసింది వంటక్క. రాలేదు. ఆయన చెడ్డవాడైతే ఎంత తేలిక! చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయం వేసినవాడు గిన్నె మీద మూత వేస్తాడు. లోపల అడుగంటుతున్న సంగతి వాసన వచ్చేదాకా తెలియదు.

పెద్దమ్మ బుట్ట అడుగున చెయ్యి పెట్టి మూట కట్టిన గుడ్డ తీసింది. విప్పితే ఎండు చిక్కుడుకాయలు నాలుగు. గింజలు లోపల గలగలమన్నాయి.

“ఈ బుట్ట ఆఖరుది. ఈ ఏటికే కాదు. ఇంక కోయలేడు. విత్తనానికి వదిలిన సాలు ఒకటుంది, ఎండిపోయింది. ఆదివారం దాటితే కాయలు పగిలి గింజలన్నీ నేలపాలు. ఈ గింజ ఇంకెవరి దగ్గరా లేదు, వాళ్ళ నాన్న దాచింది. ఇవి మాత్రం నీకిమ్మన్నాడు. ఆ నాలుగు కాయలు కోయడానికి నిన్న పొద్దంతా పట్టింది.”

వంటక్క గుడ్డ మూట రెండు చేతులా అందుకుంది. కళ్ళకి అద్దుకుని బల్ల మీద పెట్టింది. స్టూలు లాగి, పైకెక్కింది. ఈసారి పట్టుకోవడానికి మావయ్య రాలేదు. రాబోయి ఆగిపోయాడు.

‘గట్టు మీద తోట – చిక్కుడు’ మళ్ళీ మొహం చూపించింది. వారం రోజులు గోడని చూసిన అక్షరాలకి సున్నం అంటుకుని ఉంది. కొంగుతో తుడిచింది. దిగుతుందనుకున్నారంతా. దిగలేదు. చెయ్యి ఇంకా పైకి పోయింది, అన్నిటికంటే పైన, అన్నిటికంటే వెడల్పుగా ఉన్న పలక మీదికి. దాన్ని గోడవైపు తిప్పేసింది.

“అమ్మాయ్! అది నీ పలకే!”

“తెలుసు మావయ్యా. కొరక్కుండా తీర్పు చెప్పిన పలక. నియమం రైతులకేనా, మనకి లేదా?”

“మరి మధ్యాహ్నం వడ్డన? రేపు పొద్దున వంట? రేపటికెలాగే, సర్దు...”

ఆ మాట సగంలో తెగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన దాన్ని పూర్తి చేయలేకపోవడం ఇదే మొదలు.

“గట్టు మీద తోటకి వెళ్తున్నా. ఆదివారంలోగా ఆ సాలు నేను కోస్తా.” స్టూలు దిగి, బండి వైపు నడిచింది.

కిటికీ పక్క బల్ల దగ్గర కళ్ళజోడు పెద్దమనిషి ఇక ఉండబట్టలేకపోయాడు. “ఏమయ్యా, ఎవరో హోటలు కొనేవాళ్ళు వస్తున్నారని మమ్మల్ని ఇటు జరిపారు కదా! ఈయనెవరు? ఏమిటిదంతా?”

అందరూ మావయ్య వైపు చూశారు. జవాబు వచ్చింది రేడియో దగ్గర్నుంచి. జగ్గు కింద పెట్టి గదికి మధ్యలోకి వచ్చాడు. ప్రసారాలకి అలవాటైన గొంతు, ఈసారి అస్సలు లేవలేదు.

“కొనేవాళ్ళెవరూ రాలేదండీ. ఫోన్ చేసింది ఈ పెదనాన్నేనని ఇప్పుడర్థమైంది. ‘కోసినవాళ్ళం వస్తున్నాం’ అన్నాడు. కాయలు కోసినవాళ్ళం అని. కోసింది తనేనని తన నోటితో చెప్పుకుందామని. నాలిక తిరగలేదు, నాకు వినపడలేదు. తాగాడనుకున్నా. లోపలికి వెళ్ళి ఆయన మాటని వెక్కిరించి చూపించా. అందరం నవ్వాం.” పెదనాన్న కుర్చీ వైపు తిరిగాడు. “నన్ను క్షమించు పెదనాన్నా.”

వంటక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నవ్వు, గంట కిందటి నవ్వు, అరగలేదు.

పెద్దమ్మ, బండివాడూ పెదనాన్నని లేపి బండి ఎక్కించారు. వంటక్క చెంగు నడుముకి బిగించి, ఆయన పక్కన కూర్చుందామని మెట్టు మీద కాలు పెట్టింది.

పెదనాన్న కుడి చెయ్యి ఎత్తాడు. ఎర్రటి చార ఉన్న అరచెయ్యి, నాలుగు వేళ్ళూ బారచాపి, ఆమె భుజానికి అడ్డం పెట్టాడు. తొయ్యలేదు. అడ్డం పెట్టాడంతే. వంకర మూతిని కూడదీసుకుని, దవడ వణుకుతుండగా, ఒక్కో అక్షరాన్నీ తెగిరాని కాయలా పట్టి పట్టి తుంచాడు.

“వ...ద్దు.”

ఆ మాట ఎవరికీ తప్పుగా వినిపించలేదు. రేడియోకి కూడా.